ఆరో గుండీ

చెక్ దేశంలో స్లావ్‌కొవ్ ఊరి దగ్గర కొండవాలులో ఓ పాడుబడ్డ గొర్రెల కొట్టం ఉంది. చీకటి పడ్డాక అటు ఎవరూ పోరు. నెపోలియన్ యుద్ధంలో తల పోగొట్టుకున్న సిపాయి ఒకడు చలికాలమంతా అక్కడే కాపలా కాస్తుంటాడట. నమ్మినవాళ్ళూ, నమ్మనివాళ్ళూ పొద్దుండగానే ఆ దారి దాటేస్తారు.

వెందులకి మాత్రం వెళ్ళక తప్పలేదు.

ఏటా డిసెంబరులో ఆనాటి యుద్ధాన్ని నాటకంలా మళ్ళీ ఆడి చూపించే దళంలో ఆమె కొత్తగా చేరింది. దర్జీ చేత చలికోటు కుట్టించుకునే స్తోమత లేక, మిలిటరీవాళ్ళ పాత కంబళ్ళు రెండు కొని తనే కుట్టుకుంది. దర్జీ అడిగినదాంట్లో ఎనిమిదో వంతుకే తేలిపోయింది. అన్నీ లెక్కేసి కొనే పిల్ల కదా... గుండీలు కూడా సరిగ్గా ఆరే కొంది. అందులో ఒకటి దారిలో ఊడిపోయింది.

దళానికి పెద్ద, బొహుష్ తాత, కోటు తిప్పి చూసి పెదవి విరిచాడు.

"ఇదేంటే పిల్లా, పెళ్ళికొడుకు కోటులా ఉంది? బురదలో నెల్లాళ్ళు నడిచొచ్చిన సిపాయిదిలా ఉండాలి. అక్రోటు తొక్కల నీళ్ళలో ముంచు, మట్టిరంగు పడుతుంది. అవునూ, ఆరో గుండీ ఏది?"

"పోయింది తాతా. ఐదుంటే చాలదా?"

"చాలదు. పొద్దున తనిఖీకి ఆరూ లేకపోతే నువ్వు వరసలో ఉండవు. వంట దగ్గర ఉల్లిపాయలు తరుగుతావు."

తొక్కలు ఉడికించే కాగు ఆ కొట్టం వెనకే ఉంది. వెందుల మునిమాపు వేళ కోటు ముంచి, పిండి, తాడు మీద ఆరేసి, వెనక్కి చూడకుండా వచ్చేసింది.

కానీ ఆ చలిలో తడి కోటు ఆరేదెప్పుడు? నిప్పు దగ్గర పెడదామని కాసేపయ్యాక కర్రకి లాంతరు తగిలించుకుని మళ్ళీ బయల్దేరింది.

గాలి లేదు. చప్పుడు లేదు. తాడు... ఖాళీగా ఉంది.

కొట్టం గుమ్మంలో ఎవరో నిలబడి ఉన్నారు. మడమలదాకా కోటు. ఎడంగా చాచిన చేతులు. మెడ పైన... ఏమీ లేదు.

"అయ్యా..." అంది గుసగుసగా. "నా కోటు నాకిచ్చెయ్యండి. పొద్దున్నే తనిఖీ..."

కదల్లేదు.

ఆమె కళ్ళు మూసుకుని లాంతరు కర్రతో పొడిచింది. టక్— చెక్కని కొట్టినట్టు మోగింది.

కోటు! మంచుకి గడ్డకట్టి, తనంతట తనే నిలబడింది. వెందులకి నవ్వాగలేదు. దాన్ని పలకలా చంకన పెట్టుకుని గుడారానికి మోసుకొచ్చింది.

పొద్దున్నే తాత కోటు మీద వేలు పెట్టి లెక్కపెట్టాడు. "...నాలుగు, ఐదు, ఆరు. సరే, నువ్వు వరసలోకి పో." అంతలోనే వంగి చూశాడు. "ఈ కిందది పాతకాలందే. దీని మీద అంకె మన దళానిది కాదు. ఎవరిచ్చారు?"

"నువ్వే కదా తాతా? రాత్రి కోటు తెచ్చేసరికే కుట్టి ఉందిగా. కోటు దింపి గుమ్మంలో నిలబెట్టిందీ నువ్వేగా?"

"చీకట్లో, ఆ కొట్టం దగ్గరికా? నాకేమన్నా పిచ్చా?"

తాత వేళాకోళమనుకుని వెందుల సంబరంగా వరసలో నిలబడింది. డప్పులు మోగాయి. అడుగులో అడుగు వేస్తుంటే అప్పుడు తట్టింది— గడ్డకట్టిన కంబళిలోకి సూది దిగదు. తడిగా ఉండగానే కుట్టి ఉండాలి. ఆ చలికి తాడు మీద కోటు నిమిషాల్లో బిగుసుకుపోతుంది.

అంటే... తను కోటు ఆరేస్తున్నప్పుడే, ఆ తల లేని సిపాయి పక్కన నిలబడి ఉన్నాడన్నమాట.