రాయి కింద ఎవరు

శుక్రవారం. అమావాస్య. మిట్టమధ్యాహ్నం...

మనిషి నీడ పాదాల కిందికి ముడుచుకుపోయే వేళ అది. బందరు కోట దారిలో కుక్క కూడా తిరగడం లేదు. సముద్రం చాలా దూరం వెనక్కి పోయింది. అది వదిలి వెళ్లిన బురద పగుళ్లలో ఉప్పు తెల్లగా పేరుకుంది. దొరల సమాధుల తోటలో, తుమ్మచెట్టు తొర్రలోంచి ఒక గుడ్లగూబ పట్టపగటి వెలుగులోకి ఎగిరింది. గోడకు కొట్టుకుని కింద పడింది. మళ్లీ లేవలేదు.

తిరుపతిరావు దాన్ని చూసి తృప్తిగా తల పంకించాడు.

విజయవాడలో అతన్ని స్థలాల బ్రోకరుగానే ఎరుగుదురు. పాత కోటల కింద, సమాధుల కింద గుప్తనిధులు వెతుకుతాడని తెలిసినవాళ్లు తక్కువ. రాత్రిపూట తవ్వేవాళ్లే పోలీసులకు దొరుకుతారని అతని నమ్మకం. కాపలా ఉండే కరిముల్లా ఈ వేళ జుమ్మా నమాజులో ఉంటాడు. అంతకన్నా మంచి ముహూర్తం లేదు.

నేల మీద కల్లుప్పుతో గీసిన మండలం. దాని నడుమ, ఒక వర్తకుడైన దొర సమాధిరాయి పక్కకు తోసి, అడుగునుంచి తీసిన కపాలం. కపాలానికి ఎదురుగా శివపార్వతి కూర్చుని ఉంది.

ఆమె కూతురు భానుశ్రీ పోయిన ఏడాది విషజ్వరంతో పోయింది. పదిహేనేళ్ల పిల్ల.

"మా వారికి తెలిస్తే ఒప్పుకోరండీ," అంది.

"తెలిసేలోపు మీరు పాపతో మాట్లాడేసి ఉంటారమ్మా. దొర మీలోకి వస్తాడు. నాకు కావలసింది చెప్తాడు. వెళ్తూ వెళ్తూ పాపని మీ దగ్గరికి పంపిస్తాడు. కళ్లు మూసుకోండి."

ప్రేతం వదిలాక ఆ దేహంలో ప్రాణం మిగలదని మాత్రం అతను చెప్పలేదు.

ఆ సమయానికి ఆమె భర్త లక్ష్మీకాంత్ పాత రేవు గిడ్డంగి దగ్గర ఉన్నాడు. అతను విజయవాడలో చరిత్ర మాస్టారు. సెలవు దొరికితే బందరు వచ్చి, కూలుతున్న గోడలకు ఫోటోలు తీసి ఆఫీసులకు పంపుతుంటాడు. ఏడాదిగా గడప దాటని భార్య ఈసారి తనంతట తానే వస్తానంటే సంతోషించాడు. ఎండకు తట్టుకోలేనంటే తోట గేటు పక్కన నీడలో కూర్చోబెట్టి వచ్చాడు.

నమాజు ముగించుకుని వస్తున్న కరిముల్లా అతన్ని చూసి సైకిలు దిగాడు.

"ఏం మాస్టారూ, మళ్లీ ఫోటోలేనా? మీరు తీసినవన్నీ అంటించుకుంటూ పోతే ఈపాటికి ఇంకో గోడ లేచేది."

"ఉన్న గోడనే నిలబెట్టలేకపోతున్నాం కరిముల్లా గారూ. సగం ఉప్పుగాలి తింటోంది, సగం జనం పట్టుకుపోతున్నారు."

"జనాన్నే అంటారేంటి? బాగుచేస్తామని వచ్చినోళ్లు తక్కువా? మొన్న తోటలో రాళ్లన్నీ ఊడబీకి శుభ్రంగా కడిగారు. కడిగాక ఏది ఎక్కడిదో మర్చిపోయారు. చూట్టానికి వరస బాగుండాలని ఎక్కడ పడితే అక్కడ పాతేశారు. నేను అరిస్తే, నీకెందుకయ్యా అన్నారు."

లక్ష్మీకాంత్ కెమెరా దించాడు. "తూర్పు మూల ఖాళీగా ఉండేది కదా... అక్కడ?"

"అక్కడే ఆ పెద్ద వర్తకుడి రాయి పెట్టింది."

తూర్పు మూల కింద ఎవరున్నారో లక్ష్మీకాంత్‌కు తెలుసు. నూటయాభై ఏళ్లకు పైబడిన మాట. ఉప్పెన ఒక్క రాత్రిలో ఊరిని మింగింది. దొరికిన శవాలను, ఏ మతమని చూడకుండా, ఒకే గుంటలో పూడ్చారు. వాళ్ల మీద ఎన్నడూ ఒక రాయి లేదు, ఒక పేరు లేదు.

అప్పుడు తోట వైపునుంచి కేక వినిపించింది. ఆడమనిషి కేక. కానీ అది ఒక్క గొంతు కాదు...

కేకకు కాస్త ముందు, తోటలో తిరుపతిరావు రాతి మీది పేరును ముమ్మారు పిలిచి, కపాలం పళ్ల మధ్య ఉప్పుకల్లు పెట్టాడు. మబ్బు లేని ఆకాశంలో ఉరుము కదిలింది. శివపార్వతి కళ్లు తెరిచింది. ఆ కళ్లలో నల్లగుడ్లు లేవు.

"చెప్పు. ఎక్కడ దాచావు?"

"నీళ్లు..." అంది ఒక ముసలి గొంతు ఆమె నోట. "నీళ్లు..." ఒక పసివాడు. "పానీ..." ఒక మగవాడు. తర్వాత అర్థం కాని భాషల్లో మరికొందరు.

"ఒక్కడినే పిలిచాను. పేరు పెట్టి పిలిచాను."

"ఆ పేరుగలవాడు మాలో లేడు," అన్నాయి వందల గొంతులు.

ఎండిన నేల చెమ్మగిల్లింది. ఉప్పు మండలం కరిగిపోతోంది. తిరుపతిరావు కత్తి తీసి ఆమె గొంతుకు ఆనించాడు. గేటు దగ్గర అడుగుల చప్పుడు విని, తల తిప్పకుండానే అన్నాడు.

"అక్కడే ఆగండి మాస్టారూ. మీ పాప వచ్చే వేళ పాడు చెయ్యకండి."

శివపార్వతి పెదవులు కదిలాయి. "నాన్నా..."

భాను గొంతే. చివర కొంచెం సాగదీసే అలవాటుతో సహా.

లక్ష్మీకాంత్ ఆగిపోయాడు. ఆ పిలుపు కోసం అతను ఎన్ని రాత్రులు ఆ పిల్ల గది బయట నిలబడ్డాడో ఎవరికీ తెలియదు. భార్య మెడ మీద నరాలు నల్లబడుతున్నాయి. ముక్కు చివర నెత్తురు చుక్క.

"నాన్నా, వచ్చెయ్యనా?"

"వద్దమ్మా," అన్నాడు. "అమ్మని వదిలెయ్."

సంచిలోంచి నీళ్ల సీసా తీశాడు. ఉప్పునీళ్లు మింగి పోయినవాళ్లకు ఈ ఊరి ఆడవాళ్లు మంచినీళ్లు పోస్తారు. మంత్రం లేదు, దీపం లేదు. అతను మండలం అంచున మోకాళ్ల మీద కూర్చుని, పెకలించిన మట్టి మీద సీసా వంచాడు.

"తాగండి," అన్నాడు.

నేల చప్పుడు చేస్తూ పీల్చుకుంది. శివపార్వతి కత్తి కిందనుంచి పక్కకు ఒరిగింది. కరిముల్లా ఆమె చేతులు పట్టుకుని మండలం బయటికి లాగేశాడు.

లోపల తిరుపతిరావు ఒక్కడే మిగిలాడు... దాహంతో ఉన్నవాళ్లకు ఉప్పు పెట్టినవాడు.

మంత్రం కోసం నోరు తెరిచాడు. నీళ్లు వచ్చాయి. బురద రంగు నీళ్లు, నాచుతో, నురగతో. కత్తి వదిలి గొంతు పట్టుకున్నాడు. చుట్టూ పొడినేల, నెత్తిన ఎండ. అయినా అతని జుట్టు అలలో కదిలినట్టు కదిలింది. కనిపించని నీరు అతన్ని ఎత్తి, గిరగిరా తిప్పి, గోడకేసి కొట్టింది. మరోసారి కొట్టింది.

పోస్టుమార్టం చేసిన డాక్టరు ఊపిరితిత్తుల నిండా సముద్రపు నీరుందని రాసి, ఎలా వచ్చిందన్న చోట ఖాళీ వదిలేశాడు.

విజయవాడ బస్సు సగం దారి దాటాక శివపార్వతి భర్త వైపు తిరిగింది. కిటికీ బయట కాలువ వెంట సాయంత్రం పడుతోంది.

"పాపని వద్దన్నారు మీరు. విన్నాను."

లక్ష్మీకాంత్ తల వంచుకున్నాడు.

"ఏవండీ, కోపంతో అనడం లేదు. మీరు ఆ మాట అనకపోతే నేను ఎప్పటికీ అనలేకపోయేదాన్ని."

"ఏ మాట?"

ఆమె అతని చేయి పట్టుకుంది. అక్షరం అక్షరం కూడబలుక్కుంటున్నట్టుగా అంది.

"మన భాను చచ్చిపోయిందండీ."

ఏడాదిలో మొదటిసారి ఇద్దరూ కలిసి ఏడ్చారు.