మిరాన్ తిరిగొచ్చాడా?

వాకాడు బస్టాండు పక్కన సెల్‌ఫోన్లు రిపేరు చేసే బెన్హర్ ఒక వీడియో పెట్టాడు. దానికి పెట్టిన పేరు "మిరాన్ చచ్చిపోయాడు, ఇంక ఒప్పుకోండి".

మిరాన్ మనిషి కాదు. ఇసోరియా అనే వీడియో గేమ్‌లో హీరో. మనమే మిరాన్ అయి ఊళ్ళు తిరగాలి, మనుషులతో మాట్లాడాలి, యుద్ధాలు చెయ్యాలి. చివర్లో మిరాన్ పడవ దిగి, మంచులో నడిచి, లైట్‌హౌస్ దగ్గరికి వస్తాడు. లోపల ఇలాయా అతని కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. తలుపు తెరుచుకుంటుంది. తెర మొత్తం తెల్లబడిపోతుంది. అంతే, ఆట ముగిసింది.

వచ్చింది మిరానా, అతని ఆత్మా? ఆట తయారుచేసినవాళ్ళు చెప్పలేదు. లోకమంతా దీనిమీద కొట్టుకుంటోంది. వాకాడులో మాత్రం బెన్హర్ ఒక్కడే కొట్టుకుంటున్నాడు. అందుకని ఎప్పుడూ అతనే గెలుస్తున్నాడు.

వీడియో కింద ఒకే ఒక కామెంటు వచ్చింది.

"తప్పు."

"ఎందుకు తప్పు?" అని రాశాడు బెన్హర్.

"టైప్ చేసే ఓపిక లేదు. షాపు ఎక్కడ?"

మర్నాడు సాయంత్రం జోరువానలో ఒక అమ్మాయి వచ్చి షాపు ముందు గొడుగు ముడిచింది.

"మిరాన్ చచ్చిపోయినాడని చెప్పింది మీరేనా?"

"నేనే."

"తప్పు. నా పేరు ఏసుమణి. రొయ్యపిల్లల హేచరీలో ల్యాబ్ టెక్నీషియన్ని."

షాపుకొచ్చే ఆడపిల్లలందరూ అతన్ని అన్నా అని పిలుస్తారు. ఈ అమ్మాయి పిలవలేదు. బెన్హర్ ఆ సంగతి అప్పుడు గమనించలేదు. రాత్రి అన్నం తింటూ గమనించి, కూర వేసుకోవడం మర్చిపోయాడు.

"మంచులో నడిచేటప్పుడు మిరాన్‌కి నీడ లేదు, చూసినారా?" అన్నాడు బెన్హర్.

"మబ్బు పట్టి మంచు కురస్తా ఉంటే ఎవరికుంటది నీడ?"

బెన్హర్ ఆలోచించాడు. అది అతని వీడియోలో అన్నిటికన్నా గట్టి రుజువు.

"మరి ఇలాయా ఏడస్తది గదా?"

"సంతోషమొచ్చినా ఏడస్తారు. మీ ఇంట్లో ఆడోళ్ళు లేరా?"

"అమ్మ ఉంది."

"టేబుల్ మీద రెండు పళ్ళేలు ఉండాయి. రెండిట్లోంచీ పొగలొస్తన్నాయి. చచ్చిపోయినోడికి వేడివేడిగా ఎవరు వడ్డిస్తారండీ?"

బెన్హర్ చేతిలో ఉన్న ఫోన్ వెనక మూత తీశాడు, మళ్ళీ పెట్టాడు. తను గెలిచానని మణి అనుకుంది. కానీ అతని మొహం ఓడిపోయినవాడి మొహంలా లేదు.

ఆట మళ్ళీ మొదటినుంచి ఆడి తేల్చుకోవాలని ఇద్దరూ ఒప్పందానికొచ్చారు. ఆమె డ్యూటీ దిగి వచ్చాక షాపులోని కంప్యూటర్ ముందు రెండు స్టూళ్ళు పడేవి. వాదన జరిగేది. అప్పుడప్పుడు ఆట కూడా జరిగేది.

ఒకనాడు బెన్హర్ వాళ్ళమ్మ రూతమ్మ టీ పట్టుకొచ్చింది. లోపలినుంచి "చచ్చిపోయినాడు", "చావలా" అని కేకలు వినబడుతున్నాయి.

"ఎవరు రా చచ్చిపోయింది?"

"మిరాన్ అమ్మా."

"అయ్యో ప్రభువా! పెళ్ళయిందా?"

"లేదు. ఒకమ్మాయి ఎదురుచూస్తా ఉంది."

రూతమ్మ టీ గ్లాసులు బల్లమీద పెట్టింది. "ఆ పిల్లకి ఎవరన్నా చెప్పినారా?"

బెన్హర్ ఆట ఆపేశాడు.

"చెప్పాల. ఎవరో ఒకరు పోయి చెప్పాల," అనేసి ఆమె వెళ్ళిపోయింది.

మణి అతనివైపు చూసింది. బెన్హర్ తెరవైపే చూస్తూ చెప్పాడు.

"నేను ఆరో క్లాసులో ఉండంగా మా నాన్న చేపల వేటకి పోయినాడు. తుపాను పట్టుకునింది. పడవ దొరికింది, నాన్న దొరకలా. పోయినాడని మా అమ్మకి గట్టిగా చెప్పినోళ్ళు లేరు. చానా ఏండ్లు రెండు పళ్ళేలు పెట్టింది. వేడివేడిగానే."

వాన పెద్దదైంది. మణి టీ గ్లాసు అతనివైపు జరిపింది.

"సరే," అంది మణి మెల్లిగా. "మిరాన్ చచ్చిపోయినాడు."

"జాలిపడి ఒప్పుకోబాకండి. అట్టా గెలిస్తే అది గెలుపు కాదు."

"అయితే చావలా."

"అట్టా చెప్పండి."

ఆమె నవ్వింది. చాలాసేపటికి అతనూ నవ్వాడు. ఆ రోజునుంచి 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. ఎవరు మొదలుపెట్టారో ఇద్దరికీ గుర్తులేదు.

ఆట ఇంకా పూర్తికాకముందే మణికి ప్రమోషన్ వచ్చింది.

"బాపట్ల పక్కన కొత్త హేచరీ పెడతన్నారు. నన్ను ఏడాదిపాటు అక్కడికి పొమ్మన్నారు."

"మంచిదే."

"జీతం కూడా ఎక్కువ."

"మంచిదే."

"ఇంకో మాట రాదా నీకు?"

బెన్హర్ వెతికాడు. దొరకలేదు.

మణి గొడుగు తీసుకుంది. "నేను తిరిగొస్తా. అందాకా ఎదురుచూస్తావా?"

"చూడను."

ఆమె ఒక్క క్షణం నిలబడింది. తర్వాత గొడుగు విప్పడం కూడా మర్చిపోయి వానలోకి నడిచింది.

బెన్హర్ స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చున్నాడు. తను చెప్పదలుచుకున్నది రెండు వాక్యాలనీ, బయటికొచ్చింది మొదటిదొక్కటేననీ అతనికి కాసేపటికి అర్థమైంది. షాపు అట్లాగే వదిలేసి పరుగెత్తాడు. మణి రోజూ ఇంటికెళ్ళే గూడూరు బస్సు కదులుతోంది. ఫుట్‌బోర్డు ఎక్కేశాడు.

మణి కిటికీ పక్కన కూర్చుని ఉంది. మొహం తుడుచుకున్నా కళ్ళు మళ్ళీ తడిశాయి. వానే అనుకోవడానికి కిటికీ మూసి ఉంది.

"పూర్తిగా వినలా నువ్వు," అన్నాడు ఆయాసపడుతూ.

"ఇంకా ఉందా?"

"ఎదురుచూసేది నాకు చేతకాదు. మా ఇంట్లో అది చానా చూసినా. నేనే వస్తా. ఆదివారం ఆదివారం గూడూరులో రైలెక్కి వస్తా."

ముందు సీట్లో వక్కాకు నములుతున్న పెద్దావిడ నమలడం ఆపేసింది.

"నేనంటే ఇష్టమని చెప్తన్నావా?"

"ఆ. అది ముందు చెప్పాల్సింది."

"ఎప్పుడన్నా దేన్నన్నా వరసలో చెప్పినావా నువ్వు?" అని మణి పక్కకి జరిగింది. "నాక్కూడా. కూర్చో."

కండక్టర్ వచ్చాడు. "ఒకటా, రెండా?"

"రెండు," అంది మణి.

"షాపు తెరిచే ఉండాది," అన్నాడు బెన్హర్. అని, కూర్చున్నాడు.

ఆమె బాపట్ల వెళ్ళాక మొదటి ఆదివారం అతను తెల్లచొక్కా వేసుకుని గూడూరు స్టేషనుకి వెళ్ళాడు. అప్పటికే ప్లాట్‌ఫాం మీద రూతమ్మ ఉంది. చర్చికి కట్టే పట్టుచీర కట్టుకుంది. పక్కన సంచిలో టిఫిన్ క్యారియర్ ఉంది.

"నువ్వెక్కడికి మా?"

"బాపట్లకి. ఆ పిల్లని పెండ్లి మాట అడగాల, తర్వాత వాళ్ళ నాన్నతో మాట్లాడాల. నీకు మాటలు సగమే వస్తాయి గదా."

"నేను పోయి ఫోన్ చేస్తాలే. ఇంట్లో ఉండు."

రూతమ్మ కొడుకువైపు చూసింది.

"ఇంట్లో చానా ఏండ్లు ఉండాను రా," అంది. "ఇంక చాలు."

రైలు వచ్చింది. కిటికీ పక్క సీటు ఆవిడే తీసుకుంది.