చక్కెర చుట్టాలు

ఆ ఉదయం మెలకువ వచ్చాక కూడా అక్క చాలాసేపు మంచం మీదే కూర్చుంది. కిటికీలోంచి వచ్చే వెలుతురు పాలు కలిపిన నీళ్లలా గదంతా పలచగా పరుచుకుంది. గోడవారగా వేలాడుతున్న రాణి గౌను, సేనాపతి అంగీ గాలికి మెల్లగా కదులుతుంటే, నాటకం వాళ్లు పొద్దున్నే వచ్చి తను లేచేదాకా మాట్లాడకుండా నిలబడ్డారేమో అనిపించింది. "కూర్చోండమ్మా" అనబోయి నాలిక కరుచుకుంది.

కొన్నాళ్లుగా ఇలాగే ఉంది. ఏదైనా తిన్న కాసేపటికి ఒళ్లు దూదిపింజలా తేలిపోతుంది. కళ్ల ముందు మంచు తెర దిగుతుంది. జీవితమంతా నాటకశాలకు దుస్తులు కుట్టిన మనిషికి సూది బెజ్జం రెండుగా కనిపించడం మొదలైంది. షుగర్ అదుపులో లేకపోతే కళ్ల మీదికి వస్తుందని డాక్టరమ్మ పోయినసారే గట్టిగా చెప్పింది.

చెల్లెలు ఆఫీసుకు తయారై, రక్తం చుక్క చూసే మిషన్ పట్టుకుని వచ్చింది. భర్త పోయిన దగ్గరనుంచి అక్క దగ్గరే ఉంటోంది. ఓ కంపెనీకి వచ్చే ఫిర్యాదుల ఫోన్లు తీసే ఉద్యోగం. రోజంతా ఊరివాళ్ల తిట్లు విని, ఇంటికొచ్చి అక్క ఆరోగ్యం చూసుకుంటుంది.

"వేలు ఇలా పెట్టు. అయ్యో, ఇందులో సూదులు అయిపోయాయే! కొత్త డబ్బా ఎక్కడ పెట్టావు?"

"కుట్టు మిషన్ సొరుగులో ఉందేమో చూడు."

సొరుగు లాగిన చెల్లెలు అలాగే నిలబడిపోయింది. లోపల సూదుల డబ్బా పక్కనే దొంతరలు దొంతరలుగా బంగారు రంగు చాక్లెట్ కాగితాలు.

"ఇదన్నమాట సంగతి," అంది. గొంతు చాలా నెమ్మదిగా ఉంది. "నేను బజారంతా తిరిగి నీకోసం చక్కెర లేని చిరుతిండి బార్లు వెతికి తెస్తున్నాను. నువ్వేమో నా వెనకాల ఇవి లాగిస్తున్నావు."

"అవి రాణి కిరీటానికే. నాటకశాల క్యాంటీన్ అమ్మాయి ఖాళీ కాగితాలు దాచి ఇస్తుంది."

"మరి లోపలి చాక్లెట్లు ఎవరు తిన్నారు, రాణిగారా?"

అక్కకు నవ్వొచ్చింది. ఆ నవ్వే కొంప ముంచింది.

"నవ్వు! బాగా నవ్వు! రేపు కళ్లు పోతే నిన్ను చెయ్యి పట్టుకుని నడిపించేది ఎవరు? నాకు అబద్ధాలు చెప్పేవాళ్లు ఫోన్లో చాలామందే ఉన్నారక్కా. ఇంట్లో కూడా అదేనా?"

అక్క తల దించుకుంది. చెప్పదలిస్తే ఒక్క మాటలో చెప్పొచ్చు. ఆ మాట నెల రోజులుగా నాలిక చివర ఉంది. కానీ చెప్పలేదు. చెల్లెలు ఆఫీసుకు ఫోన్ చేసి సెలవు పెట్టింది. బీరువా పైనుంచి బార్ల పెట్టె దించి, ఒకటి విప్పి అక్క చేతిలో పెట్టింది.

"ఇవాళ నా కళ్ల ముందే తిను. ఇంకేం ముట్టుకోకు. రెండు గంటలయ్యాక చూద్దాం. అప్పుడెలా తప్పించుకుంటావో చూస్తాను."

అక్క తింది. మెత్తగా, తీయగా, నోట్లో పెట్టగానే కరిగిపోయింది. తర్వాత ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు, రైలు కోసం ఎదురుచూసే ముక్కూమొహం తెలియని మనుషుల్లా.

కాసేపటికి మంచు తెర రానే వచ్చింది. గోడ మీది గౌను కొద్దిగా ఉబ్బి, అందులోకి ఎవరో చొరబడినట్టయింది. అక్కకు చెల్లెలి భర్త గుర్తొచ్చాడు. చనిపోయిన రోజు మధ్యాహ్నం అతను గుండెల్లో మంటగా ఉందంటే, చెల్లెలు అజీర్తి అనుకుని వేడినీళ్లిచ్చి పడుకోబెట్టింది. అతను మళ్లీ లేవలేదు. అప్పటినుంచి ఆ పిల్ల ఏది ఎంచుకోవాలన్నా వణికిపోయేది. సబ్బు కొన్నా, చెప్పులు కొన్నా "ఇది సరైనదేనా అక్కా?" అని అడిగేది. ఈ బార్లు తెచ్చిన సాయంత్రం మాత్రం అడగలేదు. "నేనే ఎంచుకున్నాను" అంది. ఎన్నాళ్లకో మొహంలో వెలుగొచ్చింది.

"అక్కా, నిద్రపోతున్నావా? వేలు ఇవ్వు."

మిషన్ మీద అంకె వెలిగింది. రెండు వందల అరవై.

చెల్లెలు దాన్ని తుడిచి మళ్లీ చూసింది. ఇంకో వేలు గుచ్చింది. అంతే వచ్చింది. బార్ కాగితం తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లింది. ముందువైపు 'చక్కెర కలపలేదు' అని కొట్టొచ్చినట్టుంది. వెనకవైపు చీమల బారులాంటి అక్షరాలు.

"ఖర్జూరం గుజ్జు... బియ్యం సిరప్... మాల్టిటాల్... ఓట్స్ పిండి..." చదువుతూ ఆమె కాగితాన్ని కళ్లకు ఇంకా దగ్గరగా పెట్టుకుంది. "చక్కెర లేదు కానీ చక్కెర చుట్టాలందరూ దిగారు కదే ఇందులో! పైగా రోజుకు రెండేసి తినిపించాను." గిరుక్కున తిరిగింది. "నీకు ముందే తెలుసా?"

"అవి తిన్నప్పుడల్లా కళ్లు మసకబారుతున్నాయి," అంది అక్క.

"తెలుసు! తెలిసే తిన్నావు! ఎందుకే?"

"నువ్వు ఎవర్నీ అడక్కుండా ఎంచుకున్నావు బుజ్జీ," అంది అక్క. "అదీ తప్పే అని ఏ నోటితో చెప్పను?"

చెల్లెలు నేలమీద కూలబడిపోయింది. "నా మనసు నొచ్చుకోకూడదని నీ కళ్లు ఇచ్చేస్తావా? ఆయన కూడా ఇంతే. 'కొంచెం తగ్గిందిలే' అన్నాడు, నేను కంగారు పడతానని. తగ్గలేదని ఒక్క మాట చెప్పి ఉంటే..." అక్క ఒళ్లో తల పెట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చింది.

అక్క ఆమె జుట్టు నిమురుతూ ఉండిపోయింది. తను మౌనంగా ఉండి కాపాడుతున్నది చెల్లెలి సంతోషాన్ని అనుకుంది. నిజానికి ఆ పిల్ల అన్నిటికంటే ఎక్కువగా భయపడేది ఆ మౌనానికే.

మధ్యాహ్నం డాక్టరమ్మకు ఫోన్ చేశారు. సాయంత్రం షాపుకు వెళ్లి, పొట్లాలన్నీ తిరగేసి వెనకవైపు మాత్రమే చదివారు. అట్ట మీద పరిగెత్తే మనుషుల బొమ్మలున్నవి, తేనెతో చేసినవి పక్కన పెట్టేశారు. బాదం, గుమ్మడి గింజలు, పీచు ఎక్కువగా ఉండి, పిండి పదార్థం తక్కువున్నది ఒకటి దొరికింది. పార్కు బెంచీ మీద సగం విరుచుకుని అక్క నమిలింది.

"ఎలా ఉంది?"

బాగుందని నోటిదాకా వచ్చింది. అక్క ఆ మాటను మింగేసింది.

"రంపపు పొట్టు తిన్నట్టుంది."

చెల్లెలు మిగతా సగం కొరికి మొహం వికారంగా పెట్టింది. "నిజమే. ఇంకేమైనా ఉన్నాయా, నాకు చెప్పనివి?"

"హాల్లో నువ్వు వేసిన పసుపు పరదాలు. ఎండ పడితే ఇంటికి కామెర్లు వచ్చినట్టుంటుంది."

చెల్లెలు పగలబడి నవ్వింది. నవ్వుతుంటే మళ్లీ కళ్లు నిండాయి. వీధిదీపాలు ఒకటొకటిగా వెలిగే వేళకు సంచిలోంచి మిషన్ తీసి అక్క వేలు గుచ్చింది. అంకె నూట యాభై దగ్గర ఆగింది.

"పర్వాలేదే!" అంది చెల్లెలు.

"పర్వాలేదు. కానీ రేపు ఇంకో రకం చూద్దాం. ఇది రోజూ తినడం నావల్ల కాదు."

"చూద్దాం," అంటూ చెల్లెలు ఆమె భుజం మీద తల వాల్చింది. "కాదంటే కాదని చెప్తూ ఉండు, చాలు."

చీకటి చెట్లలోంచి మెల్లగా దిగుతోంది. ఇంటికి వెళ్దామని ఇద్దరిలో ఎవరూ అనలేదు.