సున్నా పెట్టి చూడు

రెండు వేల యాభై ఎనిమిది, మే నెల పదిహేడో తారీఖు, శుక్రవారం. గుంటూరులో పొద్దున తొమ్మిదింటికే నలభై నాలుగు డిగ్రీలు. ఆకాశంలో మబ్బు తునక లేదు. పడమటి గాలి పొయ్యి మూత తీసినట్టు కొడుతోంది. అలాంటి రోజున, పన్నెండు కావస్తుండగా, గద్దల ఆశీర్వాదం మాస్టారు పళ్ళు టకటకలాడిస్తూ చలికి వణుకుతున్నారు.

ఆయన ఉన్నది మిర్చి నిలవచేసే కోల్డ్ స్టోరేజిలో, ఆరో నంబరు గదిలో. ఎనభై ఒకటో ఏట, వేసవి కదా అని పల్చటి నూలు చొక్కా వేసుకొచ్చారు. పక్కన ఆయన పాత శిష్యురాలు డాక్టర్ రుబీనా. ఎదురుగా బస్తాల మీద, సరుకు మోసే ముఠాకి మేస్త్రి పోలయ్య. ముగ్గురూ లోపలికొచ్చి మూడు గంటలు. గోడమీది అంకె తొమ్మిది డిగ్రీలు చూపిస్తోంది. వచ్చినప్పుడు అది పద్దెనిమిది.

గదిని నడిపే యంత్రం రుబీనా తయారు చేసిందే. కంపెనీ దానికి ఇంగ్లీషులో ఏదో పేరు పెట్టింది గాని, ముఠావాళ్ళు షరతుల పెట్టె అన్నారు, ఆ పేరే నిలిచింది. మామూలు తెలుగులో షరతు చెబితే చాలు. 'లారీలో ఇప్పటికి నలభై బస్తాలున్నాయి, నూట ఇరవై దాటకూడదు, ఇంకెన్ని ఎక్కించవచ్చు?' అంటే, అది ఆ మాటల్ని x ఉన్న అసమీకరణంగా రాసుకుని, సాధించి, వచ్చిన జవాబు ప్రకారం మోటార్లనీ తలుపుల్నీ తనే నడుపుతుంది. మనిషి చెప్పిన జవాబు మాత్రం తీసుకోదు. మనుషులు తొందరలో తప్పు చెబుతారని అలా కట్టారు. తలుపుకి లోపలివైపు పిడి కూడా ఆ కారణంగానే పీకేశారు.

దానికి లెక్కలు నేర్పింది ఆశీర్వాదం మాస్టారి నోటుబుక్కులు. ముప్ఫై ఎనిమిదేళ్ళు ఏడో తరగతికి చెప్పారాయన, ఏడాదికొక పుస్తకం. పాఠ్యపుస్తకాల తెలుగు బిగదీసుకుని ఉంటుందనీ, మాస్టారి లెక్కల్లో మనుషులు మాట్లాడినట్టుంటుందనీ రుబీనా వాటినే యంత్రానికి చదివించింది. తన పాఠం విన్న యంత్రాన్ని చూద్దామని ఆయన ముచ్చటపడి వచ్చారు. ఏడో తరగతి బి సెక్షన్‌లో వెనక బెంచీవాళ్ళు తప్ప ఆయన పాఠం అర్థంకానివాళ్ళు లేరని ఊళ్ళో పేరుండేది. వెనక బెంచీవాళ్ళు కూడా తర్వాత బాగానే బతికారు, అది వేరే సంగతి.

ఆ ఉదయం కొత్త ప్రయోగం మొదలయింది. పురుగు చావడానికి గదిని గంటకి మూడు డిగ్రీల చొప్పున మైనస్ ఇరవై దాకా దించాలి. షరతు రుబీనాయే చెప్పింది: "గదిలో పద్దెనిమిది డిగ్రీలుంది. గంటకి మూడు తగ్గుతుంది. మనుషులున్నప్పుడు ఆరుకి తగ్గకూడదు. ఎన్ని గంటలు ఉండవచ్చు?" తలుపు మూసుకుంది. చూడటం అయ్యాక తెరవమంటే పెట్టె మర్యాదగా జవాబిచ్చింది.

"మనుషులు లోపల నాలుగు గంటలు గాని, అంతకంటే ఎక్కువ గాని ఉండవచ్చు. నాలుగు నిండకుండా పంపితే షరతు తప్పుతుంది. నిండాక పరిమితి లేదు. తలుపు తెరిచేది సోమవారం, సరుకు వచ్చినప్పుడు."

మందపాటి గోడలకి ఫోన్లు పనిచెయ్యలేదు, సోమవారందాకా అటు వచ్చేవాళ్ళూ లేరు. రుబీనా మూడు గంటలుగా వాదిస్తోంది. "నాలుగు దాటకూడదు, అంతేగాని నాలుగుకి తగ్గకూడదని కాదు" అని ఇరవైసార్లు చెప్పింది. "సోపానాలు మాస్టారి నోటుబుక్కు ప్రకారం సరిపోయాయి" అని ఇరవైసార్లూ పెట్టె అదే అన్నది.

"ఏంది డాక్టరమ్మా, నిన్నటిదాకా బుద్ధిగానే ఉంది గదా ఇది?" అన్నాడు పోలయ్య. రెండు బస్తాలు విప్పి మిరపకాయలు కుమ్మరించి, ఆ గోనెలు మాస్టారికి చుట్టబెడుతున్నాడు.

"నిన్నటిదాకా అన్నీ కూడికలే పోలయ్యా. తగ్గేది ఇవాళే వచ్చింది."

గోనెల్లోని కారం మెడకి తగిలి మాస్టారికి మండుతోంది. చలీ మంటా ఒకేసారి. ఆయన ఓ ఎండుమిరపకాయ తీసుకుని తెల్లటి గోడమీద రాశారు.

18 − 3x ≥ 6
−3x ≥ −12
x ≥ 4

రాసి, చాలాసేపు చూసి, కిందికి జారి కూర్చున్నారు.

"ఇది నా చేతిరాతే అమ్మాయ్" అన్నారు. "మైనస్‌తో భాగిస్తే గుర్తు తిరగబడాలి. నేను తిప్పలేదు."

"ఊరుకోండి మాస్టారూ, మీరు తప్పు చెప్పడమేంటి? మీ దగ్గరేగా నేను నేర్చుకుంది."

"మరి నువ్వెలా నేర్చుకున్నావో చెప్పు."

రుబీనాకి వెంటనే గుర్తు రాలేదు. మాస్టారికీ రాలేదు. వేళ్ళకి స్పర్శ లేదు, ఆలోచన కూడా గడ్డకట్టినట్టుంది. అంకె ఎనిమిదికి దిగింది. సోమవారందాకా తను ఉండననీ, మిగతా ఇద్దరు కూడా రేపు తెల్లవారడం చూడరనీ ఆయనకి లెక్క వెయ్యకుండానే తెలుస్తోంది. అది కూడా తన పుస్తకం మాట విని.

"నాకు చదువు రాదు, తప్పయితే తిట్టండి" అన్నాడు పోలయ్య. "మనం గదిలో అడుగు పెట్టకముందు ఒక్క గంట కూడా ఉండలా గదా. అప్పుడు మనకేం కాలా. ఆ మాటైనా తెలియదా దీనికి?"

మాస్టారు తలెత్తారు.

ఒక్క గంట కూడా ఉండకపోవడం. x అంటే సున్నా.

పిల్లలకి గుర్తు తిరగబడుతుందని చెబితే ఎందుకని అడిగేవాళ్ళు. ఎందుకో చెబితే నిద్రపోయేవాళ్ళు. అందుకని ఆయన గుర్తుని అలాగే చివరిదాకా దింపుకొచ్చి, సుద్దముక్క కింద పెట్టి, 'ఇప్పుడు సున్నా పెట్టి చూడండ్రా' అనేవారు. క్లాసంతా నోటిలెక్కతోనే చూసి 'తిరగెయ్యండి సార్' అని గోల పెట్టేది. అప్పుడు వేలితో తుడిచి గుర్తు తిప్పేవారు. ఆ చివరి ముక్క ముప్ఫై ఎనిమిది పుస్తకాల్లో ఎక్కడా రాసిపెట్టలేదు. నోటిమాటకి పుస్తకమెందుకనుకున్నారు.

"అందరికంటే గట్టిగా అరిచేదానివి నువ్వేనే" అన్నారు రుబీనాతో. తర్వాత గొంతు సవరించుకుని, బి సెక్షన్‌తో మాట్లాడినట్టే పెట్టెతో అన్నారు. "ఇదిగో, వినపడుతోందా? సున్నా పెట్టి చూడు."

"సున్నా గంటలు. పద్దెనిమిది, ఆరు కంటే ఎక్కువ. షరతు సరిపోయింది" అన్నది పెట్టె. "కాని నా జవాబులో సున్నా లేదు."

"లేదు గదా. మరేం చెయ్యాలి?"

పెట్టె "తిరగెయ్యాలి" అన్నది. తలుపు తెరుచుకుంది. మే నెల వడగాడ్పు లోపలికొచ్చి ముగ్గురినీ కావిలించుకుంది. మాస్టారిని పోలయ్య భుజాన వేసుకుని బయటికి తెచ్చాడు.

ఆ ఒక్క మాటతో షరతుల పెట్టె దేశమంతా పాకింది. ఏ లెక్కకయినా ముందు సున్నా పెట్టి చూడటం దానికి అలవాటయింది. సున్నాతో షరతు సరిపోతే ఇంకో అంకె జోలికి పోదు. 'మనిషి ఉంటే గది వేడెక్కుతుంది, నాలుగు డిగ్రీలు దాటకూడదు, ఎంతమందిని పెట్టుకోవచ్చు?' అని కోల్డ్ స్టోరేజి వాళ్ళు అడిగారు. సున్నా పెట్టి చూసింది. సరిపోయింది. ఏడాది తిరక్కుండా బస్తాలు మోసే పని బెల్టులకి పోయింది, పోలయ్య ముఠా ఇళ్ళకి పోయింది.

మాస్టారు మరో రెండేళ్ళు బతికారు. అప్పటికి వీలునామాలు కూడా పెట్టే అమలు చేస్తోంది. ముప్ఫై ఎనిమిది నోటుబుక్కులు రుబీనాకి వచ్చాయి. బోర్డు మీద వృత్తాలు గీసే చెక్క కంపాస్, చదువు చెప్పిన బడికి వెళ్ళింది. ఆరు సెంట్ల స్థలం గురించి మాస్టారు సొంత చేత్తో, తన అలవాటు తెలుగులోనే రాశారు: 'మా అమ్మాయి ఎస్తేరుకి నాలుగు సెంట్లకు తగ్గకుండా ఉంచి, నన్ను మోసుకొచ్చిన పోలయ్యకి ఇవ్వగలిగింది ఇవ్వండి.'

పెట్టె పోలయ్య వాటాని x అనుకుని, ఆరులోంచి x తీసేసి, నాలుగుకి తగ్గకూడదని రాసుకుంది. సున్నా పెట్టి చూసింది. షరతు సరిపోయింది.

ఆరు సెంట్లూ ఎస్తేరుకి వచ్చాయి. పోలయ్యకి సున్నా వచ్చింది.