ఇస్త్రీ గదిలో పాత కెమెరా

అరబ్బు దేశంలో, మిర్దిఫ్‌లోని ఆ విల్లాలో అందరికంటే ముందు లేచేది సత్యకుమారే. ఆ రోజూ ఐదున్నరకే లేచింది. పిల్లల టిఫిన్ డబ్బాలు సర్దింది, మేడమ్ తహ్మీనాకి టీ పెట్టింది, వాషింగ్ మెషీన్ వేసింది. అమలాపురం ఆసుపత్రిలో వాళ్ళమ్మ వీరమ్మ కరోనాతో పోయి అప్పటికి నలభై రెండు రోజులు. ఇన్ని రోజుల్లో సత్యకుమారి ఒక్కసారి కూడా ఏడవలేదు. ఏడుపు రాలేదు, అంతే. తింటోంది, పని చేస్తోంది, పడుకుంటోంది. ఏం తిందో అడిగితే మాత్రం గుర్తుండదు.

పది గంటలకి బెల్లు మోగింది. తలుపు తీస్తే ఎదురుగా భుజాన సంచీతో మొగుడు వెంకటరాజు!

ఇక్కడొక సంగతి చెప్పాలి. వీళ్ళిద్దరూ మొగుడూ పెళ్ళాలని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. మొగుడు ఇదే ఊళ్ళో ఉన్నాడంటే పనిలో పెట్టుకోరు, ఇండియాలో ఉన్నాడని చెప్పమని ఏజెంటు నేర్పాడు. ఆ అబద్ధానికి మూడేళ్ళు నిండాయి. వెంకటరాజు అల్ ఖూజ్‌లో ఒక కంపెనీలో ఉంటాడు. ఇళ్ళలో కెమెరాలూ, ఫోనుతో వెలిగే లైట్లూ బిగించే పని. అంతమంది పనివాళ్ళుండగా వాళ్ళ మేనేజరు, అదే ముదీర్, ఈ ఇంటికి ఇతన్నే పంపాలా? ఖర్మ కాకపోతే!

"ఆయియే భయ్యా," అంది సత్యకుమారి, వెనకాల మేడమ్ ఉందని. తాళి కట్టినవాణ్ణి అన్నా అని పిలిచినట్టే కదా! అతను తల దించుకుని సంచీ సర్దుకున్నాడు. ఆమె మొహంలో మాత్రం ఏమీ కదల్లేదు.

మధ్యాహ్నానికి లైట్లు, ఏసీలు, తలుపు తాళం అన్నీ ఒకే యాప్‌లోకి వచ్చేశాయి. ఇస్త్రీ గదిలో ఉన్న పాత కెమెరా ఒక్కటే మొరాయించింది. దాన్ని అమ్మిన కంపెనీ మూతపడి ఏడాదైంది. కొత్త సిస్టమ్ ఆ కెమెరాను గుర్తించనంటోంది.

"అది కూడా నా ఫోన్‌లో కనబడాలి," అంది తహ్మీనా హిందీలో. "నువ్వైతే ఏదైనా కలుపుతావని మీ ముదీర్ చెప్పాడు."

"అవుతుంది మేడమ్," అన్నాడు వెంకటరాజు. పనిలో కాదు అనడం అతనికి చేతకాదు.

మేడమ్ మేడ మీదికి వెళ్ళగానే సత్యకుమారి ఇస్త్రీ గదిలోకి వచ్చింది.

"అది ఎప్పుడో సచ్చిపోయిందనుకున్నానండి. ఇప్పుడెందుకు లేపడం?"

"మధ్యలో సిన్న పెట్టె పెట్టి, కెమెరా అడ్రసు నంబరు సేత్తో కొడితే వచ్చేత్తది. నా పనే అది కదా."

"హాల్లో కెమెరా, వంటింట్లో కెమెరా, నేను పడుకునే గది గుమ్మం ముందూ కెమెరా. ఎవరూ సూడని సోటు నాకిదొక్కటే. రాలేదని సెప్పెయ్యండి."

"అబద్ధం సెప్పనా? ముదీర్‌కి తెలిత్తే నా పని ఖలాస్!"

"మూడేళ్ళనించీ సెప్తానే ఉన్నాం కదండీ."

ఆ మాట అతనికి చురుక్కుమంది. "అయినా ఈ మూల కూకుని ఏం సేత్తావే? అమ్మ పోతే కంట్లోంచి సుక్క రాలేదు నీకు. మీ అన్నయ్య అడిగాడు, దాని గుండె ఏమన్నా రాయా బావా అని. నేనేం సెప్పను?"

సత్యకుమారి దెబ్బలాడలేదు. "విమానాలు ఆపేశారు, ఎల్తే మళ్ళీ రానివ్వరు, ఆగిపో అన్నారు మీరు. ఆగిపోయాను," అంది, సరుకుల చీటీ చదివినట్టు. "కలుపుకోండి మీ కెమెరా."

నాలుగింటికి పెట్టె దారికొచ్చింది. బొమ్మ ఎలా వస్తోందో చూద్దామని వెంకటరాజు ముందు కెమెరాలోని మెమరీ కార్డు తెరిచాడు. చూసేవాళ్ళు లేకపోయినా, మనిషి కదిలినప్పుడల్లా అది రికార్డు చేస్తూనే ఉంది. తేదీలు జరుపుతుంటే మే పదకొండు దగ్గర వేలు ఆగింది. అది వీరమ్మ దహనం రోజు.

వాషింగ్ మెషీన్‌కీ గోడకీ మధ్య నేల మీద సత్యకుమారి. అన్నయ్య పంపిన వీడియో చూస్తోంది. అయిపోయింది, మళ్ళీ పెట్టింది. మళ్ళీ పెట్టింది. తర్వాత లేచి పిల్లాడి స్కూలు చొక్కా ఇస్త్రీ చేసింది. మడత పెట్టింది, విప్పింది, అదే చొక్కా మళ్ళీ ఇస్త్రీ చేసింది. రెండూ పదికి ఫోను తీసి చెవి దగ్గర పెట్టుకుంది. ఆ ఫోను చేసింది వెంకటరాజే! "ఎలా ఉన్నావే?" అని తను అడగడం, "బాగానే ఉన్నానండి, పనిలో ఉన్నాను," అని ఆమె అనడం గుర్తొచ్చాయి. తను నమ్మి పెట్టేశాడు కూడా. బొమ్మలో ఇస్త్రీపెట్టె అంచు ఆమె మణికట్టుకి ఆని ఉంది. ఆమె చాలాసేపటి వరకూ చెయ్యి తీసుకోలేదు. ఆ కాలిన మచ్చ ఏమిటని తర్వాతెప్పుడో అడిగితే, నూనె చిందిందని చెప్పింది.

వెంకటరాజు బొమ్మ ఆపేశాడు. లేచి మేడమ్‌ని పిలిచాడు. వెనకాలే సత్యకుమారీ వచ్చింది.

"అయిందా?"

"అవుతుంది మేడమ్. కానీ నేను కలపను." అతను సత్యకుమారి వైపు చూపించాడు. "ఈవిడ నా భార్య. వాళ్ళమ్మ పోతే వెళ్ళొద్దని ఆపింది నేనే. ఈ ఒక్క గదీ ఆమెకి వదిలెయ్యండి. ముదీర్‌కి ఫోన్ చేస్తానంటే చెయ్యండి."

తహ్మీనా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "మూడేళ్ళు నా పిల్లల్ని నీ చేతుల్లో పెట్టాను. నాతోనా అబద్ధం?" అంది. "మీ అమ్మ ఎప్పుడు పోయింది?"

"ఈద్‌కి మూడు రోజుల ముందు. ఇంటినిండా చుట్టాలున్నారని చెప్పలేదు మేడమ్."

ఆ ఈద్‌కి పాతికమందికి వండి వడ్డించింది ఈ మనిషే. "కెమెరా పీకెయ్," అంది తహ్మీనా. "నాకు కోపంగానే ఉంది. మిగతాది రేపు మాట్లాడతాను." విసవిసా మేడెక్కి వెళ్ళిపోయింది.

వెంకటరాజు కెమెరా విప్పి సంచీలో పడేశాడు. వచ్చి, మెషీన్‌కి ఆనుకుని కూర్చున్న భార్య పక్కన నేల మీద కూలబడ్డాడు.

"తప్పు సేశానే సత్యా. నిన్ను పంపాల్సింది."

ఆమె మణికట్టు మీది మచ్చని వేలితో రాస్తూ ఉండిపోయింది.

"అమ్మ మొహం సూపించలేదండి," అంది ఎప్పటికో. "మొత్తం ప్లాస్టిక్కు సుట్టేశారు. ఎక్కడన్నా కాసింత కనబడుద్దేమోనని మళ్ళీ మళ్ళీ పెట్టుకుని సూశాను. కనబళ్ళేదండి."

ఇన్నాళ్ళూ ఎక్కడ దాక్కుందో, "అమ్మా!" అని ఒక్క కేక బయటికొచ్చింది. తలుపు తెరిచే ఉంది. వింటే విననీ అనుకుని వెంకటరాజు ఆమెను గుండెలకి హత్తుకున్నాడు.