ఆపరేటర్ తప్పు

రెండో డ్రమ్ము నిండగానే పద్మిని పైపును మూడో దానిలోకి మార్చింది. దీవిలోని ఆ డైరీ ఫార్మ్ పేటలో కుళాయి రోజు విడిచి రోజు వస్తుంది. వచ్చిన గంటలోనే ఇంటికంతటికీ పట్టుకోవాలి. నిజానికి ఈ పని ఆమెది కాదు, నాన్నది. కానీ నిన్న సాయంత్రం ఆయన బకెట్టు ఎత్తబోయి, గోడ పట్టుకుని అలాగే కూలబడిపోయాడు.

తండ్రి గవరయ్య తొమ్మిది రోజులుగా మజ్జిగ నీళ్లు తప్ప మరేమీ ముట్టడం లేదు. అంతకు నెల ముందే చేపలు మానేశాడు. తాతల నాటి నుంచీ సముద్రం మీద బతికిన ఇంట్లో చేప మానడమంటే చిన్న సంగతి కాదు. ఆయనకు వాసన సోకకుండా భార్య యర్రమ్మ పక్కింటి అచ్చమ్మ పెరట్లో కవళ్ల చేపలు కడుక్కుని, అక్కడే ఉడికించుకుని తెచ్చుకుంటోంది.

ఇదంతా పెరట్లోని రేకుల షెడ్డులో ఉన్న యంత్రం కోసం.

ముప్పై నాలుగేళ్లు పవర్‌హౌస్‌లో డీజిల్ ఇంజన్ల దగ్గర ఆపరేటరుగా చేసిన మనిషి ఆయన. తుఫానుకు ఓడ ఆలస్యమై, డీజిలు అడుగంటి, దీవి చీకట్లో మునిగిన రోజులు చూశాడు. ఎక్కడి నుంచో రావలసిన నూనె మీద ఇన్ని ఇళ్ల దీపాలు ఆధారపడటం ఆయనకు ఎప్పుడూ బాధే. రిటైరయ్యాక, ఓడల్లో పనిచేసి మానేసిన స్నేహితుడు లోకనాథం ఎవరో గురూజీ ప్రసంగాలు ఫోనుకు పంపాడు. ఆకాశమంతా ప్రాణశక్తి నిండి ఉందట. ఉపవాసంతో మనసు శుద్ధి చేసుకున్నవాడు దగ్గర కూర్చుంటే అది యంత్రంలోకి దిగుతుందట. గవరయ్య ఆ మాట పట్టుకున్నాడు. స్కూటరు బ్యాటరీ మోటారును తిప్పుతుంది, మోటారు అయస్కాంతాలు బిగించిన చక్రాన్ని తిప్పుతుంది, చక్రం డైనమోను తిప్పుతుంది, డైనమో తిరిగి బ్యాటరీని నింపుతుంది. ఒకసారి మొదలైతే ఇక ఆగకూడదు.

పది గంటలకు సంఘం పెద్దలు దాన్ని చూడటానికి వస్తున్నారు. సిప్పీఘాట్ బడిలో ఫిజిక్సు చెప్పే కూతురు వాళ్ల ముందు నిలబడి నాలుగు మాటలు చెప్పాలని ఆయన కోరిక. వారం రోజులుగా పద్మిని అవునూ అనలేదు, కాదూ అనలేదు.

నీళ్లు పట్టడం అయ్యాక ఆమె గంజి గ్లాసుతో తండ్రి దగ్గరకు వెళ్లింది. ఆయన వరండాలో కళ్లు మూసుకుని కూర్చుని ఉన్నాడు. షెడ్డులోంచి చక్రం రొద వినిపిస్తోంది.

“ఇవాళ ఇదైనా తాగు నాన్నా.”

“పెద్దోళ్లు చూసి ఎళ్లినాక తాగుతాను. ముందు నువ్వు సెప్పు, మాట్లాడతావా లేదా?”

“ఏం మాట్లాడమంటావు?”

“మీ పుస్తకంలో ఉన్నదే. శూన్యంలో కూడా శక్తి ఉంటాదని నువ్వే గదా అన్నావు. మన పెద్దోళ్లు దాన్నే ఆకాశతత్త్వం అన్నారు. రెండూ ఒకటేనని సెప్పు, బస్.”

పద్మినికి తండ్రి నమ్మకాల మీద చులకన లేదు. తనూ రోజూ గంగమ్మ పటం ముందు దీపం పెడుతుంది. కానీ ఆ దీపం వెలుగును మీటరుతో కొలిచి ఇదిగో అమ్మవారని పిల్లలకు ఏనాడూ చెప్పలేదు.

“ఆ శక్తి ఉన్న మాట నిజమే. దాన్ని తోడి బల్బు వెలిగించే దారి మాత్రం ఎవరికీ దొరకలేదు. రెండింటికీ పేరు కలిసినంత మాత్రాన ఒకటైపోవు నాన్నా.”

“దొరకలేదంటే లేదని కాదు. మనిషి మనసుని మీ సైన్సు ఏ మీటరుతో కొలిసింది?”

వంటింట్లోంచి యర్రమ్మ అందుకుంది. “ఇంజను డీజిలు లేకుండా తిరుగుతాదంట, మనిషి కూడు లేకుండా తిరుగుతాడంట. ఆ గురూజీ మాత్రం బొద్దుగానే ఉన్నాడు ఫోనులో.”

పద్మినికి నవ్వు రాబోయి ఆగిపోయింది. షెడ్డులో రొద సన్నగిల్లింది. కాసేపు గురక పెట్టినట్టు చప్పుడు చేసి, చక్రం నిలిచిపోయింది.

గవరయ్య గోడ ఊతగా లేచి వెళ్లాడు. వెనకాలే వెళ్లిన పద్మిని గుమ్మంలో ఆగింది. ఆయన గడియారం చూసి, పవర్‌హౌస్ లాగ్‌బుక్కులాగా గీతలు కొట్టుకున్న పుస్తకం తెరిచి రాస్తున్నాడు. భుజం మీదుగా ఆమెకు కనిపించింది. ‘ఉదయం 8.10. నలభై మూడు నిమిషాలు. కూతురితో వాదన. ఆపరేటర్ తప్పు.’

ఆమె పుస్తకం తీసుకుంది. ఆయన అడ్డు చెప్పలేదు. వెనక్కి తిప్పుతూ పోతే పేజీ పేజీకీ అదే. ‘పక్కింటి కూర వాసనకు నోరూరింది. ఆపరేటర్ తప్పు.’ ‘యర్రమ్మ మీద విసుక్కున్నాను. ఆపరేటర్ తప్పు.’ ‘నిద్రలో మా అమ్మ కనిపించింది. ఏడ్చాను. ఆపరేటర్ తప్పు.’

పవర్‌హౌస్‌లో ఇంజను ఆగితే కారణం రాయకుండా షిఫ్టు దిగకూడదు. యంత్రంలో ఏ లోపమూ దొరకనప్పుడే ఆ రెండు మాటలూ రాస్తారు. అంత సర్వీసులో ఆ మాట ఒక్కసారి కూడా పడలేదని ఆయనకు గర్వం. ఇప్పుడు తన చేత్తో తనే, రోజుకు రెండుసార్లు.

“బేరింగు చూశావా?” అని అడిగింది పద్మిని.

“ఏటికి?”

“ఆగిన ఇంజను చూసేటప్పుడు ముందు ఏం చేసేవాడివి?”

ఆమె ఆయన చేయి పట్టుకుని, మణికట్టు తిప్పి, వేళ్ల వెనకభాగాన్ని మోటారు మీద ఆనించింది. తర్వాత చక్రం బేరింగు మీద. పవర్‌హౌస్‌లో ఆయన వేడి చూసే పద్ధతి అదే. చిన్నప్పుడు జ్వరం వస్తే తన నుదురూ అలాగే చూసేవాడు.

“కాలుతోంది,” అన్నాడు నెమ్మదిగా.

“నీ శక్తి రాపిడికి వేడై ఇక్కడికి పోయింది నాన్నా. రోజూ ఇక్కడికే పోతోంది. నువ్వు నోరు కట్టుకున్నా పోతుంది, కట్టుకోకపోయినా పోతుంది. నీ సిద్ధాంతం మాత్రం ఎప్పుడూ ఓడిపోదు. చక్రం ఆగిన ప్రతిసారీ నిన్నే ఓడిస్తోంది. మీ అమ్మ గుర్తుకొస్తే ఏడవడం కూడా తప్పేనా?”

ఆయన చేయి బేరింగు మీదే ఉండిపోయింది. “ఆగినప్పుడు ఒక్కపాలీ ఇలా ముట్టుకుని సూడలేదే దాన్ని,” అన్నాడు చివరికి. “గురూజీ కళ్లు మూసుకోమన్నారు. మూసుకునే కూకున్నాను.” ఆ మాటతో ముఖం ముడుతలు పడి, కళ్ల నుంచి నీళ్లు ధారగా కారాయి. పద్మిని ఆయన తలను భుజానికి ఆనించుకుంది. అంత పెద్ద మనిషి ఎంత తేలికైపోయాడో అప్పుడే తెలిసింది ఆమెకు.

యర్రమ్మ గంజి వేడిచేసి షెడ్డుకే తెచ్చింది. ఆమె ఏమీ దెప్పలేదు. ఆయన రెండు చేతులతో పట్టుకుని ఆగి ఆగి తాగాడు. తాగినంతసేపూ ఆమె కొంగుతో విసురుతూ కూర్చుంది.

తొమ్మిదిన్నరకు లోకనాథం ఫోను చేశాడు. పెద్దలందరూ తన ఇంట్లో చేరారనీ, టీ తాగి బయలుదేరుతున్నామనీ చెప్పాడు. యంత్రం సిద్ధమేనా అని అడిగాడు. బయలుదేరకుండా కాసేపు ఆగమని చెప్పి గవరయ్య ఫోను పెట్టేశాడు.

“వాళ్లకి నేను చెప్తాను నాన్నా,” అంది పద్మిని. “నీకు ఒంట్లో బాగాలేదని.”

“ఆగిన సంగతి నేనే సెప్తాను,” అన్నాడాయన. ముఖం కడుక్కుని, ఉతికిన చొక్కా వేసుకున్నాడు. లాగ్‌బుక్కులో ఆ ఉదయం రాసిన చివరి రెండు మాటల మీద ఒక్క గీత కొట్టి, పక్కన ‘బేరింగు వేడి’ అని రాసి, సంతకం చేశాడు. పుస్తకాన్ని చంకలో పెట్టుకున్నాడు.

తోడు వెళ్లబోయిన పద్మిని చేయి యర్రమ్మ పట్టుకుంది. గవరయ్య చెప్పులు తొడుక్కుని, గేటు తీసుకుని, లోకనాథం ఇంటివైపు మెల్లగా నడిచి వెళ్లిపోయాడు.