పిడికెడు బియ్యం కుండ

దేవుడమ్మ పొద్దున్నే అన్నానికి బియ్యం కడగబోతూ పిడికెడు తీసి, పొయ్యి పక్కనున్న చిన్న కుండలో వేసింది. దూరదేశాలు పోయి సువార్త చెప్పేవాళ్ళ కోసం ఆ బియ్యం. పరదేశంలోని ఈ సుంగై సిపుట్ రబ్బరు తోటకి కాపురానికొచ్చిన నాటినుంచీ ఒక్క పూటా తప్పలేదు. ఆ శనివారం మాత్రం బియ్యంతో పాటు ఒక కార్డు కూడా కుండ అడుక్కి తోసేసింది.

కార్డు కూతురు ఆగ్నెస్‌ది. మిషన్ బళ్ళో చదివే ఆ పిల్ల, దేవుని చిత్తమైతే బోర్నియో వెళ్ళి సేవ చేస్తానని విద్యార్థుల సంఘం కార్డు మీద సంతకం పెట్టి, 1928 డిసెంబరు సెలవులకి ఇంటికి తెచ్చింది. సోమవారం పోస్టులో వెయ్యాలట. విన్నప్పటినుంచీ దేవుడమ్మ కళ్ళముందు మునిగిపోయే ఓడలు, మొసళ్ళున్న ఏర్లు, విషజ్వరాలే. కార్డు కనబడకపోతే ప్రయాణమే ఉండదనుకుంది.

మర్నాడు ఇంటింటి బియ్యం కుండలన్నీ చర్చికి తీసుకెళ్ళే ఆదివారమన్న సంగతి ఆ గాభరాలో మర్చిపోయింది. ఆమె స్నానానికి వెళ్ళగానే భర్త సాలమన్ కుండ ఎత్తుకుపోయాడు. పాస్టరుగారు గుడ్డ మీద బియ్యం ఒంపుతుంటే కార్డు జారిపడింది. చదివి, ఆయన ఆడవాళ్ళ వరసలో కూర్చున్న దేవుడమ్మ వైపు తిరిగారు.

"బియ్యంతో పాటు బిడ్డనీ ఇచ్చింది ఈ తల్లి," అంటూ కార్డు ఆమె చేతికే ఇచ్చారు.

ఆడాళ్ళంతా వచ్చి ఆమె చేతులు పట్టుకున్నారు. పక్కింటి నూకమ్మ ఏడ్చేసింది.

ఇంటికొచ్చాక సాలమన్ నవ్వాపుకోలేక పెరట్లోకి పోయాడు. ఆగ్నెస్ నవ్వలేదు.

"నువ్వే దాచినావు కదమ్మా?"

"దాచినాను. ఏటి సేస్తావు? నిన్ను సముద్రంలోకి తోసీమంటావా?"

"నువ్వొద్దంటే ఎల్లను. తప్పు నాదని పాస్టరుగారికి నేనే సెప్తాను." ఖాళీ కుండని పొయ్యి పక్కన పెట్టింది. "సిన్నప్పుడు ఈ బియ్యం ఎవరికని అడిగినాను. దూరమెల్లిన ఏ తల్లి బిడ్డకో అన్నావు."

దేవుడమ్మ ఇన్నేళ్ళూ ఆ మాట నోటితో అందే గానీ, ఆ తల్లి మొహం ఒక్కసారీ తలుచుకోలేదు. ఆగ్నెస్‌కి అక్షరాలు నేర్పిన దొరసాని పంతులమ్మ తల్లి కూడా ఏ ఊళ్ళోనో కూర్చుని, ఇలాగే మొసళ్ళని తలుచుకుని ఏడ్చి ఉంటుంది.

సోమవారం పొద్దున్న కార్డుకంటిన తవుడు చీర కొంగుతో తుడిచి కూతురికిచ్చింది.

"అక్కడ తినడానికి బియ్యం దొరుకుతాదేటే?"

"దొరుకుతాదమ్మా."

ఆమెకి నమ్మకం కుదరలేదు. ఎసరు పెట్టి, ఎప్పటిలాగే కుండలో పిడికెడు వేసింది. మూత పెట్టబోయి ఆగింది.

"మా పిల్లకి ఆకలెక్కువ," అనుకుంటూ ఇంకో పిడికెడు తీసింది.